చల్లసూది డాక్టరు

నా బోర్డు మీద ‘డా. త్రికోటేశ్వరరావు, ఆర్.ఎం.పి.’ అని ఉండేది. అందులో త్రికోటేశ్వరరావు ఒక్కటే నిజం. పదో తరగతి లెక్కల్లో మూడుసార్లు తప్పి, మాచర్లలో ఒక డాక్టరుగారి దగ్గర పదకొండేళ్లు కాంపౌండరుగా చేశాను. ఆయన కొడుకు అసలైన డాక్టరై ఇంటికొచ్చేసరికి నా స్టూలు నాకు లేకుండా పోయింది. ఒక స్టెరిలైజరు డబ్బా, రెండు గాజు సిరంజీలు, డజను సూదులు, వాటన్నిటికంటే బరువైన గర్వం పట్టుకుని మా ఊరొచ్చి పడ్డాను. మా ఊరు రెంటచింతలకు నాలుగు మైళ్లు. వేసవిలో రేడియోవాళ్లు ఎక్కడ ఎండ ఎక్కువంటే రెంటచింతల పేరు చెబుతారు. మా ఊరి పేరు చెప్పరు గానీ ఆ ఎండలో మాకూ సగం వాటా ఉంది.

ఆ ఎండే నన్ను డాక్టర్ని చేసింది. మా వాళ్లకు బిళ్ల ఇస్తే వైద్యం కాదు, సూది పొడిస్తేనే వైద్యం. నీరసమన్నా సూదే, నడుం నొప్పన్నా సూదే, అల్లుడు అలిగి వెళ్లిపోయాడన్నా ఒక ఎర్రసూది. ఎర్రసూది అంటే బి-కాంప్లెక్సు. రంగు చూస్తేనే సగం నీరసం పోయేది. ఇబ్బందల్లా సూది వేడితోనే. స్టెరిలైజరులో మరిగి వచ్చిన సూది మా ఎండకు చల్లారదు. పొడిస్తే, “వాత పెడుతున్నావేందయ్యా!” అని కేక వేసేవాళ్లు.

ఒకరోజు తొందరలో సూది చేయిజారి పక్కనున్న మంచినీళ్ల గ్లాసులో పడింది. తీసి, ఎవరూ చూడలేదు కదా అని అదే బిగించి పొడిచాను. పొడిపించుకున్నాయన లుంగీ సర్దుకుంటూ, “ఇయ్యాల గుచ్చినట్టే లేదయ్యా, హాయిగా ఉంది” అన్నాడు. అంతే. మర్నాడు కొత్త కుండ కొన్నాను. దానికి తడి గోనె చుట్టించాను. మా ఆవిడ పార్వతమ్మ పొద్దున్నే కాలువ నీళ్లు తెచ్చి, గుడ్డలో వడగట్టి, చిల్లగింజ అరగదీసి తేటపరిచి అందులో పోసేది. సూదులు వాచీ చూసుకుని ఇరవై నిమిషాలు మరిగించడం, తీసి కుండనీళ్లలో ముంచడం, పొడవడం. ఇదీ నా పద్ధతి. మరిగిస్తే క్రిములు చచ్చిపోయాయి, ఆ నీళ్లేమో మేం తాగే నీళ్లే, తాగితే మాకేం కాలేదు, ఇక సూదికేం అవుతుంది? లెక్కల్లో మూడుసార్లు తప్పినవాడి లెక్క అది.

చుట్టుపక్కల నాలుగూళ్లలో నాకు చల్లసూది డాక్టరని పేరొచ్చింది. ఆ పేరు విన్నప్పుడల్లా వెనక్కి తిరిగి, పిలిచింది నన్నేనా అన్నట్టు చూసేవాణ్ణి. నన్నేనని నాకు బాగా తెలుసు. సిగ్గులేని సంతోషం.

హన్నమ్మ కూలి ముఠాకు పెద్ద. మిరపకోతకైనా పత్తితీతకైనా ఆమె వెనక తొమ్మిదిమంది ఆడవాళ్లు నడిచేవాళ్లు. ఆమె చేతులు ఎంత చురుగ్గా కదిలితే వాళ్లవీ అంతే. రేటు మాట్లాడేది ఆమే, రైతుతో పోట్లాడేదీ ఆమే. ఎనభై ఆరు ఉగాది వెళ్లాక, మిరపకోతలు అయిపోయి ఒళ్లు హూనమై వచ్చింది.

“డాక్టరయ్యా, ఒక ఎర్రసూది ఎయ్యి. నడుం తీసి గోడకి తగిలించినట్టుంది” అంది.

కుడి జబ్బకు వేశాను. చల్లగా వేశాను.

మూడు వారాలకు మళ్లీ వచ్చింది. పొడిచినచోట వక్కకాయంత గడ్డ. జ్వరం లేదు, పెద్ద నొప్పీ లేదు. కాపడం పెట్టుకోమన్నాను. పది రోజులకు గడ్డ ఊదారంగు తిరిగి పగిలి, నీళ్లలాంటి చీము కారడం మొదలెట్టింది. నాలాంటి ఘనవైద్యుడు ఇప్పుడేం చేయాలి? పెన్సిలిన్ చేయాలి. కుడిచేతికి గడ్డ ఉంది కనుక ఎడమచేతికి పొడిచాను, అదీ చల్లగానే. ఇంకో ఇరవై రోజులకు ఎడమచేతికీ గడ్డ లేచింది. ఒక గడ్డతో వచ్చిన మనిషిని రెండు గడ్డలతో పంపిన వైద్యుణ్ణి పల్నాడులో నేనొక్కణ్ణే అయ్యుంటాను.

ఆ వేసవిలో గడ్డలతో వచ్చింది హన్నమ్మ ఒక్కతే కాదు. సైకిలు షాపు ఖాజా మొహిద్దీన్, మాజీ సర్పంచి గోపాలకృష్ణయ్య బాబాయి, ఇంకా ముగ్గురు. అందరికీ అదే తీరు. నాకు నిద్ర పట్టలేదు, కానీ బుర్రా పనిచెయ్యలేదు. ఇంత మొండిగా ఉందంటే ఇది టి.బి. అయ్యుంటుందని తేల్చేశాను. గోపాలకృష్ణయ్య బాబాయికి టి.బి. బిళ్లలు మొదలెట్టించాను. ఆ బిళ్లల రంగుకు ఆయనకు మూత్రం ఎర్రగా పోయేది, గడ్డ మాత్రం చెక్కుచెదరలేదు. టి.బి. అనగానే ఆ ఇంట్లో ఆయన కంచం, చెంబు వేరు చేశారు. ముప్పై ఏళ్లు ఊరిని ఏలిన మనిషి వసారాలో ఒక్కడే కూర్చుని అన్నం తింటుంటే, నేను రోజూ ఆ ముందు నుంచే సైకిలు మీద వెళ్లేవాణ్ణి.

జులై వచ్చేసరికి హన్నమ్మ రెండు చేతులూ భుజం దాటి లేవడం లేదు.

“దసరాకి పత్తి పగిలుద్ది. నేను దిగకపోతే నా ముఠాని ఇంకోడు ఎత్తకపోతాడు. చేతుల్లేని మేస్త్రమ్మ ఎవరికి కావాలయ్యా? నన్ను యాడికన్నా తీసకపో” అంది. ఆమె కళ్లనీళ్లు పెట్టుకోవడం నేను చూడటం అదే మొదలు. నాకు భయం వేసింది. మర్నాడే బస్సెక్కించి గుంటూరు తీసుకెళ్లాను.

గుంటూరులో పెద్ద డాక్టరమ్మ గడ్డల్లోంచి చీము తీసి పరీక్షకు పంపింది. మమ్మల్ని వారం ఆగి రమ్మంది. తిరిగి వెళ్లేసరికి కాగితం ఆమె బల్ల మీద ఉంది.

“గాజుపలక మీద పెట్టి మైక్రోస్కోపులో చూస్తే టి.బి. క్రిమి లాగే ఉంది. కానీ టి.బి. క్రిమి పెరగడానికి ఆరు వారాలు పడుతుంది. ఇది అయిదు రోజుల్లో పెరిగింది. టి.బి. కాదు, దాని దూరపు చుట్టం. టి.బి. బిళ్లలకు ఇది లొంగదు” అని నా వైపు తిరిగింది. “సూది వేసింది నువ్వేనా?”

“నేనేనండి.”

“మరిగిస్తావా?”

“ఇరవై నిమిషాలండి. వాచీ చూసుకుని.”

“మరిగించాక?”

ఇన్నేళ్లలో నన్నెవరూ అడగని ప్రశ్న అది. వైద్యంలో నేను సొంతంగా కనిపెట్టింది ఒక్కటే, దాన్ని చెప్పుకునే అవకాశం ఇన్నాళ్లకు వచ్చింది, అదీ గుంటూరులో, ఇంత పెద్ద డాక్టరు ముందు. గొంతు సవరించుకున్నాను.

“వేడిసూది రోగికి చురుక్కుమంటుందండి. అందుకని చల్లని కుండనీళ్లలో ముంచి, అప్పుడు పొడుస్తానండి. మా వైపు ఇంకెవరూ అట్లా చెయ్యరండి.”

ఆమె కలం పక్కన పెట్టింది. మెచ్చుకుంటుందనుకున్నాను. దేవుడి సాక్షిగా, మెచ్చుకుంటుందనే అనుకున్నాను.

“ఈ క్రిమి ఉండేదే నీళ్లలోనయ్యా” అంది నెమ్మదిగా. “మట్టిలో, నీళ్లలో. తాగితే మామూలుగా ఏమీ చెయ్యదు. నువ్వు దాన్ని సూదికి పట్టించి కండలోకి పంపించావు. అక్కడ కాపురం పెట్టింది.”

నా పక్క స్టూలు మీద హన్నమ్మ కూర్చునుంది. అంతా విన్నది.

“అంటే డాక్టరమ్మా, ఈ గడ్డలు నాకు ఈయన పెట్టినయ్యేనా?”

“అవునమ్మా.”

హన్నమ్మ నన్ను చూసింది. “ఏంది కోటయ్యా ఇది?” అంది. అంతవరకూ డాక్టరయ్యా అనేది. ఆ రోజు నుంచి మళ్లీ ఎప్పుడూ అనలేదు.

“ఇలాంటి గడ్డలు ఇంకా ఎంతమందికి ఉన్నాయి?” అని అడిగింది డాక్టరమ్మ.

“ఒకరిద్దరికండి” అన్నాను.

“ఇంకా అయిదుగురమ్మా” అంది హన్నమ్మ. “ఒకాయన్ని టి.బి. అని వసారాలో కూసోబెట్టాడు కూడాను.”

“వాళ్లందరినీ పంపించు. గడ్డ కనపడకపోయినా, ఈ వేసవిలో నువ్వు పొడిచిన ప్రతివాళ్ల చేతులూ చూడు. లోపల్లోపల పాకుతుంది ఇది” అంది డాక్టరమ్మ.

హన్నమ్మకు రెండు చేతులూ కోసి, పాడైన కండంతా గీకేశారు. కుట్లు వెయ్యకుండా గాయం తెరిచే ఉంచి, రోజూ గాజుగుడ్డ కుక్కి కట్టుకట్టేవాళ్లు. ఆ కుక్కేటప్పుడు ఆమె పళ్లు బిగపట్టి గోడవైపు చూసేది. అమికాసిన్ అని కొత్త మందు, రోజూ సూది. దానివల్ల ఒక్కోసారి వినికిడి పోతుందట, చెవుల్లో గుయ్యిమంటే వెంటనే చెప్పమన్నారు. వాటితో పాటు బిళ్లలు, అవి ఇంటికెళ్లాక కూడా నెలల తరబడి మింగాలి. ఇరవై ఆరు రోజులు అక్కడే ఉన్నాం. టీ తేవడం, అన్నం కలిపి ముద్దలు పెట్టడం, ఆమె గుడ్డలు ఉతికి ఆరెయ్యడం నా పని. ఆమె చేతులు పైకి లేవవు, నావి ఊరికే ఉన్నాయి. నర్సులు నన్ను, “ఏయ్ చల్లనీళ్లూ, పక్కకి జరుగు” అనేవాళ్లు. సంగతి వార్డంతా పాకింది. నా పేరు అక్కడిక్కూడా చేరిందని సంతోషించాలి కాబోలు.

వాళ్లు సూది మరిగించాక ఏం చేస్తారో నిలబడి చూశాను. నీళ్లు వంపేసి, మూత పెట్టి, అలాగే వదిలేస్తారు. అదే చల్లారుతుంది. పదకొండేళ్ల కాంపౌండరీలోనూ, ఆ తర్వాత నా సొంత ప్రాక్టీసులోనూ నాకు తట్టని మహా ఉపాయం అదీ. కాసేపు ఆగడం.

మొదటి మూడు రోజులూ హన్నమ్మ నాతో మాట్లాడలేదు. ముద్ద పెడితే నోరు తెరిచేది, అంతే. నాలుగోరోజు ముద్ద మింగి, “ఊరికెళ్లినాక ఇంటింటికీ పోవాల. నువ్వు చెప్పాల. నేనూ వస్తా” అంది.

“నువ్వెందుకు? నీ చేతులింకా…”

“నేను రాకపోతే నువ్వు సందు మొగలోనించే తిరిగొస్తావు. నాకు తెల్వదా నీ సంగతి?”

తెలుసు. అందుకే తల వంచుకుని ఇంకో ముద్ద కలిపాను.

ఊళ్లో బస్సు దిగిన మర్నాడు బయల్దేరాం. ముందు నేను, వెనక రెండు జబ్బలకూ కట్లతో హన్నమ్మ. మొదట ఖాజా మొహిద్దీన్ దగ్గరికి వెళ్లాం. సైకిలు తిరగేసి ట్యూబు తీస్తున్నాడు. దారంతా మనసులో వల్లించుకున్న మాటలు అప్పజెప్పాను. “నీళ్లలో ఏదో క్రిమి ఉందంట ఖాజా. కాలువ నీళ్లలో. దానివల్ల గడ్డలొచ్చినయ్యంట. టి.బి. కాదు. గుంటూరు వెళ్తే మందుంది” అన్నాను.

“నీళ్లలోనా? యా అల్లా! ఆ నీళ్లే గదా మేం తాగేది” అన్నాడు ఖాజా బెదిరిపోయి.

“తాగితే ఏం కాదులే” అని బయటపడ్డాను. నేను చెప్పిందాంట్లో అబద్ధం ఒక్కటి కూడా లేదు. అంత బాగా తయారుచేసుకున్నాను. తర్వాత మూడిళ్లలోనూ అదే అప్పజెప్పాను. నీళ్లు, కాలువ, క్రిమి, గుంటూరు. ఇల్లు మారేకొద్దీ నా గొంతు పెరిగింది. నాలుగో ఇంటికొచ్చేసరికి, ఆ క్రిమిని నేనే పట్టుకున్నంత ధీమాగా చెప్పాను.

గోపాలకృష్ణయ్య బాబాయి వసారాలో ఉన్నాడు. పక్కనే బోర్లించిన ఆయన కంచం. టి.బి. కాదని చెప్పగానే ఆయన లోపలికి తిరిగి గట్టిగా అరిచాడు.

“ఒసేయ్, ఇన్నావంటే? నాకు టి.బి. లేదంట! ఇదిగో ఈ కంచం తీసకపోయి లోపల పెట్టు. ఇయ్యాల్టి నించి నేను లోపలే తింటా!”

లోపల్నుంచి ఆయన భార్య పరుగెత్తుకొచ్చి కంచం చేతుల్లోకి తీసుకుని అక్కడే నిలబడి ఏడ్చింది. అప్పుడైనా నిజం చెప్పి ఉండొచ్చు. ఆయన అవకాశం ఇవ్వలేదు, నేను పుచ్చుకోనూ లేదు.

“కాలువ నీళ్లలో క్రిమి ఉంటే ఊరుకుంటామేందిరా? ఇంజనీరు మీద అర్జీ పెడదాం. నీ చేతిరాత బాగుంటదిగా, నువ్వే రాయి” అన్నాడు బాబాయి.

“అట్లాగే బాబాయ్” అన్నాను. అవును, అన్నాను. నేను పొడిచిన గడ్డలకు కాలువ ఇంజనీరు మీద అర్జీ రాయడానికి ఒప్పుకుని, ఎన్ని కాగితాలు పడతాయో కూడా లోపల లెక్కేసుకున్నాను.

సందు తిరగ్గానే హన్నమ్మ ఆగింది.

“నీళ్లంట, నీళ్లు! ఆ నీళ్లు కాలువలోనించి లేచొచ్చి నా చేతిలో దూరినయ్యా? అయిదిళ్లలో ఒక్క ఇంట్లో అన్నా నేను అన్నావా నువ్వు? సిగ్గులేదంటయ్యా?”

“వాళ్లకి మందు అందితే చాలదా హన్నమ్మా? నేను నా నోటితో అన్నానంటే రేపట్నించి నా ఇంట్లో పొయ్యి వెలగదు.”

“నా ఇంట్లో నాలుగు నెలల్నించి ఎలగలా” అంది.

కాళ్లు నా ఇంటివైపు నడిచాయి. ఆమె తిట్టుకుంటూనే వెనక వచ్చింది.

మా వాకిట్లో కుండ పెంకులు పడున్నాయి. సూదులు ముంచే కుండే. గోనె ఒక పక్కన పడుంది. పార్వతమ్మ గడపలో కూర్చునుంది. మా కంటే ముందే సంగతి వీధులు దాటి ఇంటికొచ్చేసింది.

“ఏందే ఇది?” అన్నాను.

“నీళ్లలో పురుగులున్నాయంటగా. ఊరంతా అంటున్నారు” అంది తలెత్తకుండా. “ఆ నీళ్లు తెచ్చింది నేనే గదండీ. ఎండాకాలం కాలువ అడుగంటింది. మడుగులో నీళ్లు ముంచకొచ్చా. ఒకటి రెండు రోజులు కుండ తోమకుండానే పోశా. నాకు ఒంట్లో బాగలేక. మీకు చెప్పలా. ఇంతమందికి నా మూలానే అయ్యింది.”

“నీకు ఒంట్లో బాగలేకపోవడమేంది?”

హన్నమ్మ నన్ను పక్కకి నెట్టి ముందుకెళ్లి పార్వతమ్మ ముందు చతికిలబడింది. “పార్వతమ్మా, నీకూ పొడిచాడా?”

పొడిచాను. ఉగాది ముందు నీరసమంటే ఎర్రసూది వేశాను. ఇంట్లో మనిషి కదా అని కుండలో రెండుసార్లు ముంచి మరీ వేశాను. ఇంకా అయిదుగురున్నారని హన్నమ్మ చెప్పినప్పుడు ఈమె గుర్తుకు రాలేదు. ప్రతివాళ్ల చేతులూ చూడమని డాక్టరమ్మ అన్నప్పుడూ గుర్తుకు రాలేదు. ఊరికొచ్చిన రాత్రి ఆమె వడ్డించింది తిని పడుకున్నాను కూడా.

పార్వతమ్మ పైట సరిచేసుకుని రవిక చెయ్యి పైకి లాగింది. పాత చీర పేలిక చుట్టి ఉంది. హన్నమ్మ తన చేతులు లేవక, “విప్పు” అంది నాతో. విప్పాను. గడ్డ పగిలి రెండుచోట్ల నోళ్లు తెరిచి ఉంది. పేలిక చర్మానికి అంటుకుపోయింది.

“ఎన్నాళ్లనించి?”

“మీరు గుంటూరు పోకముందు నించి. వైద్యుడి పెళ్లానికే గడ్డంటే మీ దగ్గరికెవరొస్తారు? ఇప్పుడేమో నా నీళ్లవల్లనే అని తెలిశాక నేనేం మొహం పెట్టుకుని చెప్పేది? మీ పేరు పోగొట్టా గదండీ.”

నేను అయిదిళ్లలో కష్టపడి నీళ్ల మీద పెట్టి వచ్చిన తప్పు, నాకంటే ముందే ఇంటికొచ్చి ఈమె నెత్తిన కూర్చుంది. ఈమె దాన్ని కాదనకుండా మోస్తోంది. గడపలో ఆమె పక్కనే కూలబడ్డాను.

“కుండదేం లేదే పార్వతీ. నీళ్లదీ లేదు, నువ్వు తోమావా లేదా అనేదీ లేదు. మరిగించిన సూదిని తీసి మళ్లీ నీళ్లలో ముంచింది నేను. ముంచగూడదు. పేరొస్తోందని ముంచా. హన్నమ్మ చేతులు పాడుచేసింది నేను. బాబాయిని వసారాలో కూర్చోబెట్టింది నేను. నీ చెయ్యి ఇట్టా చేసింది నేనే.”

గట్టిగానే అన్నాను. పక్కింటి అరుగు మీదివాళ్లు మాటలాపి ఇటు తిరిగారు. తిరగనీ అనుకున్నాను. రేపు మళ్లీ ఆ అయిదిళ్లకూ వెళ్లి ఇదే మాట ఇట్లాగే చెప్పాలి.

పార్వతమ్మ చాలాసేపు నన్నే చూసింది. నేను అన్నది నిజమా, తన మీద జాలితో అంటున్నానా అని చూస్తోందని తెలిసింది. నేను చూపు తిప్పుకోలేదు. మెల్లగా ఆమె భుజాలు వదులయ్యాయి. ఆ చెయ్యి తీసి నా ఒళ్లో పెట్టింది.

“చానా నొప్పిగా ఉందండీ” అంది.